మనిషిలో లేని ఎంజైము, మనిషి మోసే ట్యాంకు

"ఈ మందు మొక్కలో ఉండే ఒక ఎంజైము మీదే పనిచేస్తుంది. ఆ ఎంజైము మనిషిలో లేదు. కాబట్టి మనిషికి ఏమీ కాదు."

గడ్డిమందు అమ్మేవాళ్ల నోట ఎప్పుడూ వినిపించే మాట ఇది. తిరువూరు చుట్టుపక్కల పత్తి చేలల్లో, మామిడి తోటల్లో, వరి గట్ల మీద మందు కొట్టే మన పిల్లలు ఈ మాటను ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. ఇందులో మూడు వాక్యాలున్నాయి. అందరికీ తెలిసిన గ్లైఫోసేట్ విషయంలో మొదటి రెండూ నిజమే. మూడోది ఆ రెండింటి నుంచి రాదు. కానీ ఆ మూడో వాక్యాన్ని నమ్మించే మన యువకుల భుజాలకు ట్యాంకు తగిలిస్తున్నారు. ఈ వ్యాసం ఆ మూడో వాక్యం మీద.

నేను శాస్త్రవేత్తను కాను. టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేసి, చిన్న తరగతులకు పాఠాలు చెప్పుకునే ఆదివాసీ టీచర్ని. అయినా ఈ విషయం మనకు అర్థం కానంత కష్టమైనదేమీ కాదు. కష్టమైనదని మనల్ని నమ్మించడమే అమ్మకంలో సగం పని. కనుక ముందు సైన్సు సంగతి చూద్దాం, తర్వాత కూలి సంగతి మాట్లాడుకుందాం.

పూసలు ఆగిపోతే

ఏ ప్రాణి శరీరమైనా ప్రొటీన్లతో నడుస్తుంది. ప్రొటీన్ అంటే పూసల దండ లాంటిది. మన అవ్వల కాంచళి మీద రంగురంగుల పూసలు ఒక వరసలో కుట్టినట్టు, 20 రకాల అమైనో ఆమ్లాలు ఒక వరసలో చేరితే ప్రొటీన్ తయారవుతుంది. ఒక్క రంగు పూస అయిపోయినా కుట్టు అక్కడే ఆగుతుంది. మిగతా రంగులు బుట్ట నిండా ఉన్నా ఉపయోగం లేదు.

మొక్కకు ఈ 20 పూసలనూ తనే తయారు చేసుకునే శక్తి ఉంది. గాలి, నీరు, ఎండ, మట్టిలోని నత్రజని చాలు. మనిషికి ఆ శక్తి లేదు. వాటిలో 9 రకాలను మనం తిండి నుంచే తెచ్చుకోవాలి.

కలుపు మందుల్లో ఒక పెద్ద కుటుంబం సరిగ్గా ఈ పూసల తయారీనే దెబ్బతీస్తుంది. ఇందులో మూడు దారులున్నాయి.

మొదటి దారి గ్లైఫోసేట్‌ది. ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే మూడు అమైనో ఆమ్లాలు మొక్కలో షికిమేట్ మార్గం అనే దారిలో తయారవుతాయి. ఆ దారిలో ఏడు మెట్లు. ఆరో మెట్టు దగ్గర ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైము ఉంటుంది. గ్లైఫోసేట్ వెళ్లి దానికి అతుక్కుంటుంది. మూడు రంగుల పూసలూ ఆగిపోతాయి. అందుకే మందు కొట్టిన రోజు గడ్డి పచ్చగానే ఉంటుంది. దగ్గరున్న నిల్వతో కొన్నాళ్లు బతికి, ముందు చిగుళ్లు పసుపెక్కి, వారం పది రోజులకు మొత్తం ఎండుతుంది. మాన్‌శాంటో కంపెనీ రసాయన శాస్త్రవేత్త జాన్ ఫ్రాంజ్ 1970లో దీని కలుపు చంపే గుణాన్ని కనిపెట్టాడు. 1974లో రౌండప్ పేరుతో అంగడికి వచ్చింది. ఏ ఎంజైమును ఆపుతోందో తెలిసింది మాత్రం 1980లో. అంటే ఎలా చంపుతోందో తెలియకుండానే ఆరేళ్లు అమ్మారు.

రెండో దారి ఏఎల్ఎస్ అనే ఎంజైముది. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడు పూసలు ఈ దారిలో వస్తాయి. వరిలో కొట్టే బిస్‌పైరిబ్యాక్ సోడియం, పత్తిలో కొట్టే పైరిథియోబ్యాక్ సోడియం, వేరుశనగలో, సోయాలో వాడే ఇమాజెథాపైర్ ఈ దారినే మూస్తాయి.

మూడో దారి గ్లూఫోసినేట్‌ది. అది గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమును ఆపుతుంది. గ్లుటమిన్ తయారీ ఆగడమే కాదు, మొక్కలో అమ్మోనియా పేరుకుపోయి ఆకు మాడిపోతుంది.

ఇప్పుడు అమ్మేవాళ్ల మాటకు వద్దాం. "మనిషిలో ఆ ఎంజైము లేదు." మొదటి రెండు దారులు మనిషిలో లేవు, నిజమే. మరి మూడోది? గ్లుటమిన్ సింథటేజ్ మనలో ఉంది. మన మెదడులో, కాలేయంలో, కండరాల్లో అమ్మోనియా విషాన్ని అణచేది అదే. గ్లూఫోసినేట్ మింగినవాళ్లు మొదట బాగానే కనిపించి, కొన్ని గంటల తర్వాత మూర్ఛలతో, ఊపిరి అందక పడిపోయిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. యూరప్‌లో ఈ మందు అనుమతి గడువు 2018లో తీరిపోయింది, మళ్లీ ఇవ్వలేదు. ఒక మందు గురించి పుట్టిన మాటను అన్ని మందులకూ అంటగడితే ఏమవుతుందో చూశారు కదా.

"లేదు" అన్న మాటకు అసలు అర్థం

గ్లైఫోసేట్ సంగతే తీసుకుందాం. మనిషిలో ఆ దారి లేదంటే అర్థం ఏమిటి? ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్ మనం తయారు చేసుకోలేం, మొక్క చేసి పెడితేనే మనకు అందుతాయి అని. పప్పు తిన్నా, ఆకుకూర తిన్నా, గడ్డి మేసిన మేక మాంసం తిన్నా చివరికి వచ్చేది మొక్క నుంచే. అమ్మేవాడు మనకు భరోసాగా చెప్పే ఆ "లేదు" అనే మాట, నిజానికి మనం మొక్క మీద ఎంత ఆధారపడి ఉన్నామో చెప్పే మాట.

పైగా ఆ దారి మొక్కల్లో మాత్రమే ఉందనడం కూడా తప్పే. బాక్టీరియాల్లో ఉంది, శిలీంధ్రాల్లో ఉంది. మట్టిని మట్టిగా నిలబెట్టే సూక్ష్మజీవుల్లో ఉంది. మన పేగుల్లో బతికే బాక్టీరియాల్లో చాలావాటికి ఉంది. వాటి మీద దీని ప్రభావం ఎంత అనేది ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. పరిశోధన నడుస్తున్న విషయాన్ని తేలిపోయిన విషయంగా చెప్పి సరుకు అమ్మడం మోసం కాక ఏమిటి?

ఇంకో సంగతి. సీసా మీద "గ్లైఫోసేట్ 41 శాతం ఎస్ఎల్" అని ఉంటుంది. అంటే గ్లైఫోసేట్ లవణం 41 శాతం. మిగతా 59 శాతం? నీళ్లు, వాటితో పాటు మందు ఆకుకు అంటుకుని లోపలికి దిగేలా చేసే సబ్బు లాంటి పదార్థం. ఎంజైము కథ ఆ సబ్బుకు వర్తించదు. గ్లైఫోసేట్‌లో ఎక్కువగా కలిపే పీఓఈఏ అనే అలాంటి పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2016లో గ్లైఫోసేట్ మందుల్లో కలపకూడదని నిషేధించింది. మన పిల్లవాడి చేతి మీద ఒలికేది పుస్తకంలోని అణువు కాదు, సీసాలోని మొత్తం ద్రవం.

"ఉప్పు కన్నా తక్కువ విషం" అనే మాట కూడా వినే ఉంటారు. ఇది అమెరికాలో పుట్టిన ప్రకటన మాట. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ అభ్యంతరం పెడితే, ఆ రాష్ట్రంలో ఇలాంటి ప్రకటనలు ఆపుతామని మాన్‌శాంటో 1996లో ఒప్పుకుంది. అక్కడ ఆపిన మాట ఇక్కడ ఊరూరా తిరుగుతోంది. ఆ పోలిక ఎక్కడిది? ఎల్‌డీ-50 అనే పరీక్ష నుంచి వచ్చింది. ఒక్కసారిగా ఎంత మోతాదు మింగిస్తే సగం ఎలుకలు చస్తాయో ఆ పరీక్ష చెబుతుంది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు పడేది దాన్ని బట్టే. పదిహేను, ఇరవై ఏళ్లు సీజను సీజనుకూ తడిసే మనిషికి ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. ఆకుపచ్చ గుర్తు చూసి "పచ్చ జెండా" అనుకునేవాళ్లకు ఈ సంగతి మనమే చెప్పాలి.

2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, గ్లైఫోసేట్ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించగలదు అనే వర్గంలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ అలా కాదంది. కంపెనీ కూడా కాదనే అంటోంది. ఈ వాదన తెగలేదు. కానీ కాలిఫోర్నియాలో ఒక బడి ఆవరణలో ఈ మందు కొట్టే ఉద్యోగం చేసి క్యాన్సర్ పాలైన డ్వేన్ జాన్సన్ కేసులో, ప్రమాదం గురించి కంపెనీ హెచ్చరించలేదని 2018 ఆగస్టులో జ్యూరీ తేల్చింది. 28 కోట్ల 90 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. పై కోర్టులు దాన్ని సుమారు 2 కోట్ల డాలర్లకు తగ్గించాయి గానీ కంపెనీ బాధ్యతను కొట్టేయలేదు. ఆయన కూడా ట్యాంకు మోసినవాడే. ఆయనకు జీతం ఉంది, రికార్డు ఉంది, వకీలు ఉన్నాడు. మన గంపలగూడెం, విస్సన్నపేట చేలల్లో మందు కొట్టినవాడికి ఏముంది? ఏ రోజు ఏ చేలో ఏ మందు కొట్టాడో చెప్పే చీటీ ముక్క కూడా ఉండదు.

చట్టంలో ఒకటి, చేలో ఒకటి

మన దేశంలో గ్లైఫోసేట్‌ను తేయాకు తోటల్లో, పంట లేని భూముల్లో వాడడానికే అనుమతించారు. పత్తి ఆ జాబితాలో లేదు. మిరప లేదు. మామిడి లేదు.

మరి పత్తి చేలోకి ఎలా వచ్చింది? "గడ్డిమందు పత్తి", "బీజీ-3" అని రకరకాల పేర్లతో దొంగచాటుగా అమ్మే విత్తనం వల్ల వచ్చింది. గ్లైఫోసేట్ తట్టుకునే బాక్టీరియా ఒకటి అమెరికాలో ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీ వ్యర్థాల్లోనే దొరికింది. దాని ఈపీఎస్‌పీఎస్ జన్యువును పంట మొక్కల్లోకి ఎక్కించారు. ఆ జన్యువున్న మొక్కకు మందు తగలదు, చుట్టూ ఉన్నదంతా చస్తుంది. మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి రెండు తరాలే. 2002లో మొదటిది, 2006లో రెండోది. కలుపు మందు తట్టుకునే పత్తికి అనుమతి కోరుతూ పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. అంటే ఆ విత్తనానికి అనుమతి లేదు, దాని మీద కొట్టే మందుకు ఆ పంటలో అనుమతి లేదు. బిల్లు ఉండదు. విత్తనం నకిలీదైతే మందు కొట్టిన వారానికి సొంత పత్తే మాడుతుంది. గాలి తిరిగితే పక్క చేలో కంది, పెసర మాడుతుంది. అప్పుడు ఎవరిని అడగాలి? నష్టపోయిన కౌలు రైతు, అందులోనూ తండా నుంచి వచ్చి అరెకరం ఎకరం కౌలుకు చేసేవాడు, తనే నేరం చేసినట్టు నోరు మూసుకుంటాడు.

ప్రభుత్వాలకు ఇది తెలియనిది కాదు. 2018 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. అదే ఏడాది పంజాబ్, 2019లో కేరళ నిషేధించాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ దీన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఈ మందు వాడకంలో మనుషుల, పశువుల ఆరోగ్యానికి ప్రమాదం ఉందని ఆ ఉత్తర్వులోనే రాసింది. "మనిషికి ఏమీ కాదు" అనేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం స్వయంగా రాసిన ఈ మాట చూపించండి.

ఆ ఉత్తర్వు వెనక ఉన్న ఆలోచన ఏమిటి? శిక్షణ, లైసెన్సు, రక్షణ సామగ్రి ఉన్నవాడే ఈ మందు ముట్టుకోవాలి. మన దగ్గర ముట్టుకుంటున్నది ఎవరు? పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయిన తండా కుర్రాడు. కాళ్లకు చెప్పులుంటే ఉంటాయి, లేకపోతే లేదు. చేతికి గ్లౌజులు లేవు. మూతికి తువ్వాలు. ఆ తువ్వాలు కట్టుకోమని చెప్పింది ఎవరో కాదు, మన పుస్తకమే. చాలా ఏళ్లు పిల్లలు చదివిన ఎనిమిదో తరగతి సైన్సు పాఠంలో, కలుపు మందు కొట్టేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలని ఉంటుంది. గుడ్డ తడిస్తే మందును ముఖానికే అంటిపెడుతుందని అందులో లేదు. చిక్కటి మందు కలిపేటప్పుడే చేతికి ఎక్కువ అంటుతుందని లేదు. సీసా వెంట ఇచ్చే కరపత్రం స్థానిక భాషలో కూడా ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. ఉంటుంది కూడా. చీమ తలకాయంత అక్షరాల్లో, నాలుగు మడతల్లో ఉంటుంది. మందు కొట్టే కుర్రాడి చేతికి అది రాదు. కొట్లో సీసాతో పాటు దాన్ని తీసుకునేది చేను యజమాని.

ఒక లెక్క చేద్దాం. పిల్లలతో కూడా చేయించండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు. ట్యాంకు 16 లీటర్లు. రెండెకరాలు కొట్టాలంటే ఎన్ని ట్యాంకులు? 25. ఎంత బరువు? ట్యాంకు బరువు వదిలేసినా 400 కిలోలు. పాతికసార్లు సీసా మూత తీయాలి, పాతికసార్లు కొలవాలి, పాతికసార్లు వీపు మీదికి ఎత్తుకోవాలి. మూత కొంచెం లీకైతే వీపు తడుస్తుంది. ఎంజైము గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్క ఎప్పుడైనా చేశారా?

కలుపు అంటే ఎవరికి కలుపు?

"కూలీలు దొరకడం లేదు. కలుపు తీయిస్తే ఖర్చు తట్టుకోలేం. నువ్వు బడిలో కూర్చుని చెబుతావు." రైతులు ఈ మాట అంటారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఈ మాటలో బాధ ఉంది, నేను కాదనను. వానలు వరసగా పడి చేలోకి దిగలేని రోజుల్లో పత్తిని గడ్డి కమ్మేస్తుంటే రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు.

కానీ ఆ ఖర్చు ఎవరికి పోయేది? మన ఆడవాళ్లకు. కలుపు కూలి మన తండాల్లో, గూడేల్లో ఆడవాళ్ల చేతికి నేరుగా వచ్చే డబ్బు. పిల్లల నోటుబుక్కులు, నూనె, ఉప్పు అందులోంచే వస్తాయి. పదిమంది ఆడవాళ్లు నాలుగు రోజులు చేసే పనిని ఒక కుర్రాడు ఒక పూటలో ముగిస్తే, ఆదా అయిన డబ్బు ఎవరి జేబులో మిగిలింది? కొంత రైతుకు, మిగతాది మందు కొట్టుకు. ఆడవాళ్లకు పోయింది కూలి. కుర్రాడికి మిగిలింది తడిసిన చొక్కా.

ఇంకా పోయింది కూర. గునుగు, తోటకూర, పాయల కూర, పొన్నగంటి, అటికమామిడి. కలుపు తీసి వస్తూ మన అమ్మలు ఒడి నిండా తెచ్చేవాళ్లు. వ్యవసాయ పుస్తకంలో ఇవి కలుపు మొక్కలు. మన పొయ్యి మీద కూర. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు, ఎవరూ విత్తకుండా చేలో మొలిచే ఇలాంటి కూరల విలువను లోకానికి చెప్పారు. మనిషి తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలను పైసా ఖర్చు లేకుండా పేదవాడి కంచంలో పెట్టేవి ఇవే. వీటి ఎంజైమును ఆపి చంపేసి, తర్వాత అంగన్‌వాడీలో పోషకాహార వారోత్సవాలు జరుపుకుంటున్నాం.

మందుతో కలుపు పోతుందన్నదీ ఎల్లకాలం నిజం కాదు. అమెరికా పత్తి చేలల్లో పామర్ అమరాంత్ అనే కలుపు ఉంది. మన తోటకూర వంశమే. ఏళ్ల తరబడి గ్లైఫోసేట్ కొట్టేసరికి అది ఈపీఎస్‌పీఎస్ జన్యువును తనలో పదుల కొద్దీ, కొన్ని మొక్కల్లో వందకు పైగా, ప్రతులు పెంచుకుంది. ఎన్ని ఎంజైములను ఆపినా ఇంకొన్ని మిగులుతాయి. మందు ఓడిపోయింది. 2000 తర్వాతి దశాబ్దంలోనే అక్కడి రైతులు మళ్లీ కూలీలను పెట్టి చేత్తో కలుపు తీయించారు. మనం కూడా ఆ దారంతా నడిచి, చేతులు పాడు చేసుకుని, మళ్లీ కలుపు కొడవలి దగ్గరికే రావాలా?

ఇంకో దారి లేకపోలేదు. సాళ్ల మధ్య గుంటక తోలడం మన తాతల నుంచీ ఉన్నదే. ఎడ్లు లేనివాళ్లకు పవర్ వీడర్ ఉంది, వరిలో కోనో వీడర్ ఉంది. ప్రకృతి వ్యవసాయంలో రైతు సాధికార సంస్థ చేయిస్తున్నట్టు, వానలకు ముందే రకరకాల విత్తనాలు చల్లి నేలను ఖాళీగా ఉంచకపోతే గడ్డికి చోటు తగ్గుతుంది. ఈ యంత్రాలు అద్దెకు దొరికే కేంద్రాలు తండాలకు దగ్గరగా పెడితే, వాటిని నడిపే శిక్షణ మన పిల్లలకు ఇస్తే, అది ఉద్యోగం అవుతుంది. ట్యాంకు మోయడం ఉద్యోగం కాదు.

ఎ.కొండూరు నీళ్ల మాట

తిరువూరు పక్కనే ఎ.కొండూరు. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటం గురించి ఏళ్లుగా మాట్లాడుతున్నారు. ఆ జబ్బుకు గడ్డిమందే కారణమని నేను అనడం లేదు. అలా అనడానికి రుజువు లేదు. రుజువు లేని మాట చెబితే నాకూ ఆ అమ్మేవాడికీ తేడా ఉండదు.

కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు ఇలాగే కారణం తెలియని కిడ్నీ జబ్బు వచ్చింది. కఠిన జలం, లోహాలు, గ్లైఫోసేట్ కలిస్తే కిడ్నీకి చేటు కావచ్చని 2014లో అక్కడి పరిశోధకులు ఒక ఊహ ముందు పెట్టారు. ఆ ఊహకు ఒక ఆధారం ఉంది. గ్లైఫోసేట్‌కు లోహాలను పట్టుకునే గుణం ఉంది. కలుపు మందు కాకముందే, 1964లో, ఆ గుణానికే అమెరికాలో పేటెంట్ పొందారు. శ్రీలంక ప్రభుత్వం 2015లో దాన్ని నిషేధించింది. తర్వాత తేయాకు, రబ్బరు తోటల కోసం సడలించింది. ఊహ రుజువు కాలేదు. కొట్టేయడానికి తగినంత పరిశోధన కూడా జరగలేదు.

మనం అడగాల్సింది ఇది. కిడ్నీ జబ్బున్న తండాల్లో నీళ్లు పరీక్షించేటప్పుడు ఫ్లోరైడుతో ఆపకండి. గ్లైఫోసేట్‌ను, అది విరిగితే వచ్చే ఆంపాను, మిగతా కలుపు మందులను కూడా పరీక్షించండి. ఫలితాలను సచివాలయం గోడ మీద తెలుగులో అతికించండి. ఏమీ లేదని తేలితే మంచిదే, ఒక భయం పోతుంది. పరీక్షించకుండా ఏమీ లేదనే హక్కు ఎవరికీ లేదు.

చేయాల్సిన పనులు

తోటి ఉపాధ్యాయులారా, ఇది పాఠం చెప్పాల్సిన విషయం. కడిగిన ఖాళీ సీసా కూడా బడికి తేవద్దు. ఫోనులో లేబుల్ ఫొటో తీసి నల్లబల్ల మీద రాయండి. అమ్మకపు పేరు ఏది, అసలు మందు పేరు ఏది, ఎంత శాతం, ఏ రంగు గుర్తు, ఏ పంటకు అనుమతి. ఈ అయిదూ చదవగలిగితే ఆ పిల్లవాడు చదువుకున్నట్టు. తెలుగులో చెప్పి వదలకండి. గోర్‌బోలిలో చెప్పండి, కోయలో చెప్పండి, ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలో చెప్పండి. అమ్మకు వెళ్లి చెప్పేది ఆ భాషలోనే కదా.

ముఖ్యంగా ఒక మాట నేర్పండి. "గడ్డిమందు" ఒకటి కాదు. పారాక్వాట్‌ను కూడా మనవాళ్లు గడ్డిమందు అనే అంటారు. దానికి అమైనో ఆమ్లాలతో సంబంధం లేదు. దానికి విరుగుడు లేదు, కొద్దిగా మింగినా ఊపిరితిత్తులు పాడై ప్రాణం పోతుంది. గ్లైఫోసేట్ వేరు, గ్లూఫోసినేట్ వేరు, పురుగుమందు వేరు. ఒక్కోదానికి వైద్యం ఒక్కో రకం. ఎవరైనా మందు మింగినా, మందు మీద పడి కళ్లు తిరిగినా 108కు ఫోను చేయడంతో పాటు ఆ సీసానో, దాని లేబుల్ ఫొటోనో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "గడ్డిమందు సార్" అన్న ఒక్క మాట డాక్టరుకు చాలదు.

తమ్ముళ్లూ, మీకు నాలుగు మాటలు. లేబుల్ మీద ఆ పంట పేరు లేకపోతే ఆ మందు కొట్టనని చెప్పండి. గ్లౌజులు, బూట్లు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు ఇవ్వకపోతే ట్యాంకు ఎత్తకండి. అవి యజమాని ఖర్చు, మీ కూలిలో కోత కాదు. ఏ తేదీన, ఎవరి చేలో, ఏ మందు, ఎన్ని ట్యాంకులు కొట్టారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రేపు మీకు వకీలు అవసరమైతే ఆ పుస్తకమే మీ సాక్షి. ఒక్కడే అడిగితే "నువ్వు కాకపోతే ఇంకొకడు" అంటారు. తండాలో ట్యాంకు మోసేవాళ్లంతా కలిసి అడిగితే ఆ ఇంకొకడు ఉండడు.

చెల్లెళ్లూ, అక్కలూ, మందు కొట్టిన చేలో ఆ రోజు, మర్నాడు కలుపుకు, కూరకు దిగకండి. ఎప్పుడు కొట్టారో అడిగి దిగండి. గర్భంతో ఉన్నవాళ్లు ఆ బట్టలు ఉతకవద్దు. వాటిని వేరుగా ఉతకాలి, పిల్లల బట్టలతో కలపకూడదు.

గ్రామసభలో అందరం కలిసి అడగాల్సినవి మూడు. అనుమతి లేని పంటలకు మందు అమ్మే కొట్ల మీద తనిఖీ. కిడ్నీ జబ్బు తండాల్లో కలుపు మందులకు నీటి పరీక్ష. కలుపు తీసే యంత్రాల అద్దె కేంద్రం, అది నడిపే పని మన యువతకు.

మన భాషలో రోగం తగ్గించేదాన్ని మందు అంటాం. చంపేదాన్ని కూడా మందు అనే అంటాం. ఆ ఒక్క పేరు చాటున చాలా వ్యాపారం జరిగింది. ఇక నుంచి సీసా చూపించి "ఇదేం మందు?" అని అడుగుదాం. "మనిషికి ఏమీ కాదు" అని ఎవరైనా అంటే, వాదన పెట్టుకోకుండా, చేతికి గ్లౌజులు లేకుండా మూత తీసి, కలిపి, ట్యాంకు వీపుకు ఎత్తుకుని రెండెకరాలు కొట్టి చూపించమందాం. పాతిక ట్యాంకులే కదా.